తప్పు ఒప్పుకోవాలనుకుంటున్న స్నేహితుడికి నిరీక్షణ గురించి ఎలా చెప్పాలి?

మధిర మాస్టారు (ప్రశ్న)

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనములు.

నేను ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విరమణ పొందినవాణ్ణి. డోర్నకల్ డయాసిస్ (బిషపు గారి అధికార ప్రాంతం) పరిధిలోని ఒక పల్లె సంఘంలో పుట్టి పెరిగాను. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పాను, క్రిస్మసుకు ముందు రాత్రుళ్లు వీధుల్లో పాటలు పాడుతూ తిరిగాను, పాస్టరు గారు రాలేని ఆదివారాల్లో ప్రసంగం కూడా చేశాను. అయినా ఒక మనిషి ఎదురుగా కూర్చుని, అతని ముఖంలోకి చూస్తూ మారుమనస్సు గురించి, నిరీక్షణ (దేవుడి మీద నమ్మకంతో ఎదురుచూడడం) గురించి మాట్లాడిన సందర్భం నా అరవై నాలుగేళ్లలో ఒక్కటీ లేదని ఈ మధ్యనే తెలుసుకున్నాను.

మా ఊరిలో నాకు ఒకటో తరగతి నుంచి స్నేహితుడు ఒకడున్నాడు. హిందువు, రైతు. తాగుడు వల్ల కాలేయం పూర్తిగా చెడిపోయి, ఇక ఇంటికి తీసుకువెళ్లమని డాక్టర్లు చెప్పగా రెండు నెలల క్రితం ఇంటికి వచ్చాడు. నేను రోజూ సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చుని వస్తాను. పోయిన వారం అతను భార్యను ఏదో వంకతో లోపలికి పంపించి, గొంతు తగ్గించి, “ఒరేయ్, మీ దేవుడు నాలాంటివాణ్ణి ఏం చేస్తాడురా?” అని అడిగాడు. నేను “ముందు మందులు వేసుకో” అని చెప్పి, కాసేపటికి లేచి వచ్చేశాను.

అతను దేని గురించి అడిగాడో నాకు తెలుసు. 1994లో అన్నదమ్ముల మధ్య పంపకాలు జరిగినప్పుడు తమ్ముడు కొత్తగూడెంలో గనిపనిలో ఉండేవాడు, పొలం లెక్కలు అంతగా ఎరగడు. సాగర్ ఎడమ కాలువ కింద పారే ఇరవై కుంటల భూమిని మెట్ట అని చూపించి, దానికి బదులుగా వేరేచోట రాళ్ల నేల ఇచ్చి, మంచి చెక్కను ఇతను ఉంచేసుకున్నాడు. తర్వాత తమ్ముడికి సంగతి తెలిసింది, రాకపోకలు ఆగిపోయాయి. ఆ పంపకాల నాడు పెద్దమనుషుల మధ్య నేనూ ఉన్నాను కనుక ఈ విషయం నాకు మొదటి నుంచీ తెలుసు.

ఇప్పుడు నా ఇబ్బంది ఇది. పాపం, మారుమనస్సు అని మొదలుపెడితే చావుకు దగ్గరైన మనిషిని కొరడాతో కొట్టినట్టుంటుంది. ఆ మాట ఎత్తకుండా దేవుడు ప్రేమామయుడని ఊరడించి వస్తే మోసం చేసినట్టుంటుంది. ఈ రెండూ దాటినా, అతని కొడుకులూ ఊరివాళ్లూ “చావబోయేవాణ్ణి మాస్టారు మతం మార్చాడు” అంటారన్న భయం ఉంది. ఆ పిల్లలిద్దరూ నా దగ్గరే చదువుకున్నారు, నన్ను తండ్రిలా చూస్తారు. అడిగినవాడికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకు ఉందని తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.

గుండ్లకమ్మ ఒడ్డు

మాస్టారూ, వందనములు. నేను ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో నలభై ఏళ్లు కాపరిగా పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. మీరు మందుల మాట చెప్పి లేచి వచ్చినందుకు మరీ నొచ్చుకోకండి. యేసు శిష్యుడైన పేతురు అంతటివాడు చలిమంట దగ్గర, నువ్వు యేసు మనిషివి కదా అని ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు నిజం చెప్పలేకపోయాడు.

ముందుగా మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మీ చిక్కులో సగం అక్కడే ఉందని నాకు తోస్తోంది. మారుమనస్సు, పశ్చాత్తాపం అన్న రెండింటినీ మనం ప్రసంగాల్లో ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం. మన తెలుగు బైబిలు ఆ రెండింటినీ కలిపేయలేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ఇచ్చిన తొలి పిలుపు దగ్గర “మారుమనస్సు” అని ఉంది. మత్తయి 27వ అధ్యాయంలో యేసును శత్రువులకు అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా దగ్గరికి వచ్చేసరికి “పశ్చాత్తాపపడి” అని ఉంది. గ్రీకు మూలంలో కూడా ఆ రెండుచోట్లా వేర్వేరు మాటలే ఉన్నాయి. పశ్చాత్తాపం అంటే పని జరిగిపోయిన తర్వాత వెనక నుంచి తగిలే సెగ. ఆ సెగకు మనిషి తిరిగి ఇంటికి నడవవచ్చు, లేదా ఆ సెగలోనే కాలిపోవచ్చు. ఇంటివైపు మళ్లిన మనసును మాత్రమే మారుమనస్సు అంటారు.

ఆ 27వ అధ్యాయాన్ని ఈ సారి నెమ్మదిగా చదవండి. యూదా తన తప్పును తెలుసుకున్నాడు. పాపం చేశానని నోరారా ఒప్పుకున్నాడు. పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలనూ తిరిగి తెచ్చి ఇచ్చాడు. మన సంఘాల్లో ఎంతమందిమి అంతదూరం వెళ్తాం? తప్పు తెలుసుకోవడం, ఒప్పుకోవడం, సొమ్ము తిరిగి ఇవ్వడం అన్న మూడూ చేసినవాడు ఉరి పోసుకున్నాడు. అతను చెప్పుకోవడానికి వెళ్లింది యాజకుల దగ్గరికి. వాళ్లు “దానితో మాకేమి? నీవే చూచుకొనుము” అన్నారు. మతం తెలిసినవాళ్లు, లేఖనాలు చదువుకున్నవాళ్లు, తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషిని అతని తప్పుతోనే వదిలేశారు. నలభై ఏళ్ల కాపరిత్వంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టిన వాక్యం ఇదే. ఎన్నిసార్లు నేనూ ఇంకా మర్యాదైన మాటల్లో అదే జవాబు చెప్పి ఉంటానో లెక్క లేదు.

మీ స్నేహితుడికి సెగ తగిలింది. పాపం గురించి అతనికి కొత్తగా నేర్పవలసినది ఏమీ లేదు, అతనికి అంకెలతో సహా, సర్వే నంబరుతో సహా తెలుసు. అతనికి తెలియనిది తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉందన్న సంగతి. లూకా 15లో తన వాటా తీసుకుని దూరదేశం వెళ్లి అంతా పోగొట్టుకున్న చిన్నకొడుకు పందుల మధ్య కూర్చున్నప్పుడు మొదట గుర్తుకు వచ్చింది తన పాపం కాదు, తండ్రి ఇంట్లో కూలివాళ్లకు కూడా కడుపునిండా అన్నం ఉందన్న సంగతి. ఆ గుర్తు వచ్చిన తర్వాతే “లేచి వెళ్తాను, పాపం చేశానని చెబుతాను” అనుకున్నాడు. నిరీక్షణే అతని కాళ్లను కదిపింది. అందుచేత మారుమనస్సు ముందా, నిరీక్షణ ముందా అని మీరు తూకం వేస్తూ కూర్చోనక్కర్లేదు. తలుపు తెరిచి ఉందని చెప్పండి, లోపలికి రావడానికి ఏమేమి బయట వదలాలో అతనే అడుగుతాడు.

పొలం సంగతికి వస్తే, సుంకం వసూలు చేసే జక్కయ్య కథ చూడండి. యేసు అతని ఇంటికి వెళ్లడానికి ముందు లెక్కలు అడగలేదు. ఇంటికి వచ్చి కూర్చున్న తర్వాత జక్కయ్యే నిలబడి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా పుచ్చుకున్నది నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని అన్నాడు. ఇరవై కుంటలు తిరిగి ఇస్తేనే దేవుడు క్షమిస్తాడని మీరు బేరం పెట్టకండి. అతను తానుగా ఆ మాట ఎత్తినప్పుడు, “పోనీలే, పాత సంగతులు ఎందుకు” అని దాటవేయకండి. రెండోది మొదటిదానికంటే పెద్ద తప్పు అని నా అభిప్రాయం.

ఊరివాళ్ల మాటల గురించి మీకున్న భయానికి మా వైపు పాత సంగతి ఒకటి చెబుతాను. 1876-78 కరువు కాలంలో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి పని చూపించారు. పని మధ్య విరామాల్లో తెలుగు బోధకులు వాళ్ల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, కరువు సాయం నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వచ్చినవారెవరో క్రీస్తు కోసం వచ్చినవారెవరో తేలదన్నది ఆయన సంకోచం. చేతిలోని సాయపు డబ్బు అయిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదన్న తర్వాత కూడా వాళ్లు వచ్చి అడిగితే అప్పుడు ఒప్పుకున్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మా సంఘాల్లో ప్రతి పండుగ సభలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు నెలల తరబడి ఆపిన సంగతిని మాత్రం ఎవరూ చెప్పరు. నాకైతే ఆ ఆపడమే గొప్పదిగా కనిపిస్తుంది.

కాబట్టి మీ స్నేహితుడి దగ్గర మీరేమీ అడగవద్దు. పేరు మార్చమని, బొట్టు తీయమని, దేవుడి పటాలు దించమని అసలే అనవద్దు. కొడుకులు ఇంట్లో ఉన్నప్పుడు, తలుపు తెరిచి పెట్టి, అతను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి రండి.

రామాలయం వీధి

నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాను. బైబిలు గురించిన సందేహాలతో అప్పుడప్పుడు ఇక్కడికి వచ్చి చదువుతుంటాను. వినే వైపు నుంచి ఒకరు మాట్లాడితే మీకు పనికివస్తుందేమోనని రాస్తున్నాను.

మాకు మీ సందేశం మైకులో ఎలా వినబడుతుందో ముందు చెబుతాను. “పాపీ” అన్న పిలుపు తెలుగులో తిట్టు. పాపిష్టి అన్నా అంతే. అదే సమయంలో, బస్సు కింద పడి కాలు విరిగిన కుక్కను చూసినా మన నోటి నుంచి వచ్చే మాట “అయ్యో పాపం” అనే. చేసిన తప్పునూ, తప్పులో చిక్కుకున్న జీవి మీద కలిగే జాలినీ మన భాష ఒకే మాటలో పెట్టింది. వీధి చివర స్తంభానికి కట్టిన మైకులో మొదటి అర్థం మాత్రమే వినబడుతుంది, మాస్టారు గారి ప్రశ్నలో రెండోది కూడా వినబడింది. ఆయన ఆ గొంతుతోనే మాట్లాడితే చాలు.

హక్కుల మాట ఎవరైనా తెస్తారేమో కనుక అదీ చెప్పేస్తాను. మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 25వ అధికరణలో ఉంది. ఆ స్వేచ్ఛలో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మంచం పట్టిన స్నేహితుడు అడిగిన ప్రశ్నకు స్నేహితుడు జవాబు చెప్పడానికి ఏ అధికరణా అక్కర్లేదు. ఆయన భార్యను లోపలికి పంపి అడిగారని రాశారు కదా, మీరు మాత్రం జవాబును ఆమె ఎదుటే చెప్పండి. చాటుగా చెప్పిన మంచిమాట కూడా తర్వాత అనుమానంగా మారుతుంది.

ఇక అసలు విషయం. ఆ రైతు చిన్నప్పటి నుంచి విన్నది ఏమిటంటే, చేసిన కర్మ అనుభవించక తప్పదని. ప్రాయశ్చిత్తం ఉంది, కానీ దానికీ ఒక విధి, ఒక ఖర్చు ఉంటాయి. అలాంటి మనిషికి “దేవుడు క్షమిస్తాడు” అన్న మాట మొదట సంతోషంగా వినబడదు, అన్యాయంగా వినబడుతుంది. తమ్ముడి నోటిముందు కూడు లాక్కున్నవాణ్ణి దేవుడు ఊరికే వదిలేస్తే, ముప్పై ఏళ్లు రాళ్ల నేల దున్నుకున్న తమ్ముడికి ఏ దేవుడు న్యాయం చేస్తాడు? ఈ ప్రశ్న నాకు నిజంగానే ఉంది, ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు. ఆయన కూడా అడుగుతాడు. అడిగినప్పుడు మాస్టారు దగ్గర ప్రేమ, కరుణ అన్న మాటలకంటే గట్టిది ఏదైనా ఉండాలి.

యువ సేవకుడు

మాస్టారు గారూ, పెద్దలందరి మీదా గౌరవంతోనే చెబుతున్నాను, మీకున్న సమయం చాలా తక్కువ. రేపు అతను కన్నుమూస్తే మీరు ఏమని లెక్క అప్పజెబుతారు? రక్షణ మార్గాన్ని నాలుగు మాటల్లో చెప్పి, పాపపు ఒప్పుకోలు ప్రార్థన మీ వెంట పలికించండి. మిగిలినవి దేవుడు చూసుకుంటాడు. యేసును అంగీకరిస్తే స్వస్థత కూడా కలుగుతుందని ధైర్యంగా చెప్పండి.

కోనసీమ నుంచి కువైట్

తమ్ముడూ, నీ ఆత్రుత నాకు అర్థమవుతుంది, పదేళ్ల క్రితం నేనూ నీలాగే మాట్లాడేవాణ్ణి. అందుకే ఒక సంగతి చెబుతాను.

నేను ఇక్కడ డ్రైవరుగా పనిచేస్తున్నాను. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో రకరకాల భాషల సంఘాలు ఆరాధించుకుంటాయి, మన తెలుగువారూ శుక్రవారం అక్కడే కలుస్తాం. ఆ గోడ దాటితే వీధిలో నిలబడి ప్రకటించడానికి ఈ దేశంలో వీలు లేదు. కనుక మా సాక్ష్యమంతా గదిలో, వంట దగ్గర, రాత్రి ఫోను పెట్టేసి దుప్పటి ముసుగు పెట్టుకున్నవాడి పక్కన జరగవలసిందే.

నా గదిలో కడప వైపు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. భార్య మెడలోని బంగారం అమ్మి ఏజెంటుకు కట్టి వచ్చాడు, చెప్పిన జీతం ఒకటి, ఇక్కడ ఇచ్చింది ఒకటి. ఇంటికి అబద్ధాలు చెబుతూ, లోలోపల కుమిలిపోతూ ఉండేవాడు. నేను అతనికి యేసును నమ్ముకుంటే అప్పు తీరుతుందని, మంచి కఫీలు (ఇక్కడ పని ఇచ్చే యజమాని) దొరుకుతాడని చెప్పాను. ఆరు నెలలు ప్రార్థనకు వచ్చాడు. అప్పు తీరలేదు. ఒకరోజు “అన్నా, ఏజెంటు ఒకటి చెప్పాడు, నువ్వు ఒకటి చెప్పావు” అన్నాడు. ఆ తర్వాత అతను రాలేదు. నేను నిరీక్షణ అని పేరు పెట్టి ఆశ చూపించాను. మాస్టారి స్నేహితుడికి కాలేయం బాగవుతుందని ఎవరూ మాట ఇవ్వవద్దు. దేవుడు బాగు చేస్తే చేస్తాడు, మన సరుకుగా దాన్ని అమ్మకూడదు.

గుండ్లకమ్మ ఒడ్డు

కువైట్ సహోదరుడు చెప్పిన దానికి ఒక్క మాట కలుపుతాను. రోమా పత్రిక 5వ అధ్యాయంలో “ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు” అని ఉంది. ఆ కడప కుర్రవాడు సిగ్గుపడవలసి వచ్చింది కనుక అతనికి అందింది వేరే ఏదో అయి ఉండాలి. నిరీక్షించడం అంటే మామూలు తెలుగులో ఎదురుచూడడం. రాబోయేవాడు ఒకడు ఉంటేనే ఎదురుచూపు ఉంటుంది. యేసు సిలువ మీద చనిపోయిన తర్వాత ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు శిష్యులు “మేము నిరీక్షించియుంటిమి” అని జరిగిపోయిన కాలంలో చెప్పుకుంటున్నప్పుడు, తిరిగి లేచిన యేసు, వాళ్లు గుర్తుపట్టకుండానే, వాళ్లతో కలిసి నడుస్తూ మొదట అడిగింది మీరు మాట్లాడుకుంటున్న సంగతులేమిటి అని. వాళ్లు చెప్పుకున్నదంతా విన్న తర్వాతే లేఖనాలు విప్పాడు. రామాలయం వీధి గారు అడిగిన న్యాయం ప్రశ్నకు నేను తొందరపడి జవాబు రాయను, రాత్రి కూర్చుని ఆలోచిస్తాను. అది మంచి ప్రశ్న.

బైబిలు స్త్రీ మనవరాలు

మాస్టారు గారికి వందనములు. మాది గుంటూరు, లూథరన్ సంఘం. మా అమ్మమ్మ మిషను రోజుల్లో బైబిలు స్త్రీగా పనిచేసింది. చేతిలో సంచి, అందులో పుస్తకం, గొడుగు, రోజుకు ఐదారు ఇళ్లు. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె వెంట తిరిగాను కనుక ఆమె పద్ధతి నాకు కళ్లకు కట్టినట్టుంది.

ఆమె ఏ ఇంట్లోనూ ముందుగా పుస్తకం తీసేది కాదు. ఆ ఇంటామె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే చేటలో చెయ్యి పెట్టేది. చిక్కుళ్లు వలుస్తుంటే తనూ వలిచేది. ఆ ఇంట్లో గొడవ ఏదైనా బయటికి వస్తే, “నేను మా అత్తగారిని మూడేళ్లు మాటలతో చంపానమ్మా” అని తన కథ మొదలుపెట్టేది. అత్తగారు పక్షవాతంతో పడిపోయిన తర్వాత ఆమె కాళ్లు పట్టుకుని క్షమించమని అడిగిన సంగతి, మాట పడిపోయిన ఆ అత్తగారు ఎడమచేత్తో తన తల నిమిరిన సంగతి చెప్పేది. అది వింటూ ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను. “నువ్వు పాపివి” అన్న వాక్యం ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. “నేను” అన్న మాటతోనే ఆమె సువార్త మొదలయ్యేది, వింటున్నవాళ్లు ఆ “నేను”లోకి తామే వచ్చి కూర్చునేవారు.

మీరు డోర్నకల్ వారు కనుక మీకు ఇంకా బాగా తెలుసు. 1912లో అక్కడ బిషపు అయిన అజరయ్య గారు బాప్తిస్మం పొందినవారి చేత వాళ్ల చేతిని వాళ్ల తలమీదే పెట్టించి, “సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ” (అంటే నాకు కీడే) అన్న పౌలు మాటను పలికించేవారు. చెయ్యి ఎదుటివాడి తలమీద పెట్టించలేదు. చదువురాని మాల, మాదిగ కుటుంబాల బతుకుల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, అంతకుముందు వాళ్లను గడప ఎక్కనివ్వని కులాలవారు కూడా వచ్చి వాక్యం అడిగారని ఆ డయాసిస్ చరిత్రలో ఉంది.

ఇక నేను అడగవచ్చునో లేదో తెలియని మాట ఒకటి అడుగుతాను, తప్పైతే క్షమించండి. పంపకాల నాడు పెద్దమనుషుల మధ్య మీరూ ఉన్నానని రాశారు. ఊరికే కూర్చున్నారా, ఆ కాగితం మీద సాక్షి సంతకం కూడా పెట్టారా? పెట్టి ఉంటే, మీ స్నేహితుడికి మీరు చెప్పవలసిన సాక్ష్యం అక్కడే మొదలవుతుందేమో.

మధిర మాస్టారు

సమాధానాలు రాసిన అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు, కారణం గుంటూరు అమ్మగారు అడిగిన ప్రశ్న. అవునండీ, పెట్టాను. ఆ కాగితం మీద ఉన్న సాక్షి సంతకాల్లో రెండోది నాది. నా ఉపాధ్యాయ శిక్షణకు ఫీజు కట్టింది నా స్నేహితుడి తండ్రి. ఆ కుటుంబం పెట్టమన్నచోట సంతకం పెట్టకుండా ఉండే ధైర్యం ఆనాడు నాకు లేకపోయింది. ఆ భూమి మెట్ట కాదని అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు, చిన్నప్పుడు ఆ కాలువలోనే మేమిద్దరం ఈత నేర్చుకున్నాం. ముప్పై ఏళ్లుగా ప్రతి సంస్కారపు ఆరాధనలోనూ (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) మోకాళ్ల మీద సాధారణ ఒప్పుకోలు (సంఘమంతా కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన) చదివాను, ఒక్కసారి కూడా ఆ సంతకం గుర్తుకు రానివ్వలేదు. మీకు రాసిన ప్రశ్నలో కూడా దాన్ని “ఉన్నాను” అన్న మాట వెనక దాచాను.

ఒక ఆదివారం సాయంత్రం కొడుకులిద్దరూ ఇంట్లో ఉండగా వెళ్లాను. భార్యను కూడా కూర్చోమన్నాను. “మొన్న నువ్వు అడిగినదానికి జవాబు చెప్పే ముందు నేను ఒకటి ఒప్పుకోవాలి” అని సంతకం సంగతి, అది తెలిసి పెట్టిన సంగతి చెప్పాను. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. నా స్నేహితుడు చాలాసేపు పైకప్పు వైపు చూసి, “నీకు తెలియక పెట్టావనుకున్నానురా ఇన్నాళ్లూ. నువ్వొక్కడివైనా మంచివాడివనుకున్నాను” అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. రెండు నెలల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

అప్పుడు చలిమంట దగ్గర బొంకిన పేతురు కథ చెప్పాను. అదే పేతురుకు యేసు మళ్లీ కనిపించినప్పుడు, సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టి, ముందు తినమని పిలిచాడని చెప్పాను. రామాలయం వీధి గారు ఊహించినట్టే అతను, “మరి వాడి సంగతేంటిరా? దేవుడు నన్ను వదిలేస్తే వాడికి ఎవరు ఇస్తారు?” అని అడిగాడు. నాకు తెలిసినంతలో చెప్పాను. అప్పు లేదని దేవుడు కొట్టివేయలేదని, సిలువ మీద దాన్ని తన మీదే వేసుకున్నాడని నేను నమ్ముతున్నానని చెప్పాను. అంతటివాడు తీర్చిన తర్వాత నేను దాచుకోవలసింది ఏమీ లేదు కనుకనే ఇవాళ పిల్లల ముందు నోరు విప్పగలిగానని చెప్పాను. తమ్ముడికి రావలసినది మాత్రం దేవుడి ఖాతాలో లేదు, మనిద్దరి చేతుల్లోనే ఉందని కూడా చెప్పాను. అతను ఏమీ అనలేదు. ఈ జవాబు రామాలయం వీధి గారికి సరిపోతుందో లేదో నేను చెప్పలేను.

మర్నాడు పెద్దకొడుకు చేత పట్టాదారు పాస్‌పుస్తకం బయటికి తీయించాడు. తమ్ముడికి ఫోను చేయిస్తే ఎత్తలేదు. నేనే బస్సెక్కి కొత్తగూడెం వెళ్లాను. తమ్ముడు గేటు దగ్గరే నిలబడి అంతా విన్నాడు, లోపలికి రమ్మనలేదు. సంతకం సంగతి చెప్పినప్పుడు మాత్రం, “అది నాకు అప్పుడే తెలుసు మాస్టారూ” అన్నాడు. కాసేపటికి కోడలి చేత మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. ఆలోచించుకుని చెబుతానన్నాడు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. నా స్నేహితుడి ఆరోగ్యం ఏమీ మెరుగుపడలేదు. బాప్తిస్మం గురించి అతను అడగలేదు, నేనూ ఎత్తలేదు. సాయంత్రం వెళ్లగానే ఎమ్మాయు దారి కథ చదవమంటాడు, భార్య కూడా గుమ్మంలో కూర్చుని వింటుంది. నిన్న చదవడం అయిపోయాక “వాడు వస్తాడంటావా?” అని అడిగాడు. “తెలియదురా” అన్నాను. వీధి గేటు మాత్రం రాత్రి పదైనా వేయనివ్వడం లేదు. కుక్కలు వస్తున్నాయని భార్య గొడవ పెడుతోంది, అయినా తెరిచే ఉంచమంటున్నాడు.